పొట్లము మీది కిరీటము



ఈనాడు మన పిల్లలు సెల్‌ఫోనులో చూసి "నాన్నా, ఇది కొనిపెట్టు" అని అడిగే వస్తువుల వంటివే, ఒకప్పుడు అమెరికా దేశపు పిల్లలకు కామిక్స్ పుస్తకాల వెనుక అట్టల మీద కనబడేవి. 1960, 70 దశకాలలో కూపను కత్తిరించి, డాలరో రెండు డాలర్లో జతచేసి పంపితే చాలు, వింత వస్తువు పోస్టులో ఇంటికి వచ్చేది. ఆనాటి పిల్లలు నేడు తాతలై, వాటిని ఇంకా తలచుకుంటూనే ఉన్నారు.

ఆ పుస్తకాలలో కొన్ని మా ఊరివైపుకూ వచ్చాయి. 1990 ప్రాంతంలో నేను చదువుకున్న మిషను హాస్టలుకు విదేశాల నుండి పాత బట్టల పెట్టెలు వచ్చేవి. వాటి అడుగున కామిక్స్ ఉండేవి. మాకు ఇంగ్లీషు అంతగా రాదు. అయినా బొమ్మలు చూసి చూసి అట్టలు ఊడిపోయాయి. అప్పుడు డాలరంటే దాదాపు 17 రూపాయలు. అది మా అమ్మ రెండు రోజులు నాట్లు వేస్తే వచ్చే కూలి. కనుక ఎవరినీ అడగలేదు. రాత్రి దీపాలు ఆర్పిన తరువాత, ఎవరికి ఏది కావాలో చెప్పుకొని నిద్రపోయేవాళ్ళం. అందులో పాపమున్నదని నేను అనుకోను. ఆశ్చర్యపడే హృదయాన్ని పిల్లలకు ఇచ్చినవాడు దేవుడే గదా!

ఆ వస్తువుల సంగతి పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. చేతిలోని ఎముకలు కనబడతాయన్న కళ్ళజోడులో ఉన్నది పక్షి ఈక ముక్క. ఈక పోగుల గుండా చూస్తే ప్రతి వస్తువు రెండుగా కనిపిస్తుంది. ఆ రెండూ కలిసిన చోట నల్లగా ఉంటుంది. దానినే ఎముక అనుకోవాలి. 6 డాలర్ల 98 సెంట్లకు అమ్మిన ఏడడుగుల జలాంతర్గామి ఒట్టి అట్టపెట్టె. నీళ్ళలో దింపితే నానిపోతుంది.

మా హాస్టలు పిల్లలందరికీ ఎక్కువ ఇష్టమైన ప్రకటన మాత్రం 'సీ మంకీస్', అనగా సముద్రపు కోతులు. తల్లి, తండ్రి, పిల్లలు నవ్వుతూ నిలబడి ఉంటారు. వారి తలల మీద కిరీటముల వంటివి, వెనుక ఒక కోట. పొట్లములోని పొడిని నీళ్ళలో కలిపితే ఆ కుటుంబమంతా ప్రాణముతో లేచి వస్తుందట! హెరాల్డ్ వాన్ బ్రౌన్‌హట్ అనే వ్యాపారి 1962లో వాటికి ఆ పేరు పెట్టాడు. పోస్టులో వచ్చినవి పెరిగినా సుమారు సెంటీమీటరు పొడవుండే ఉప్పునీటి పురుగులు. కిరీటము లేదు, కోట లేదు. చాలామంది పిల్లలు నిరాశపడి, ఆ నీళ్ళు పారబోశారు.

కొన్నేళ్ళ క్రిందట మా సంఘములోని ఒక తమ్ముడు, తాను పనిచేసే రొయ్యల హేచరీకి ప్రార్థనకు పిలిచాడు. మన కోస్తా తీరాన ఇటువంటి హేచరీలు చాలా ఉన్నాయి. అక్కడ ఒక డబ్బా చూపించి, "అయ్యగారూ, ఇది ఆర్టిమియా. అమెరికాలోని ఉప్పు సరస్సు నుండి వస్తుంది. రొయ్య పిల్లలకు మేత" అన్నాడు. గోధుమరంగు దుమ్ములాగ ఉంది. గ్రాములో రెండు లక్షలకు పైగా గుడ్లు ఉంటాయి. ఏ జీవలక్షణమూ కనబడకుండా ఏళ్ళ తరబడి ఎండి ఉండగలవు. ఉప్పునీటిలో వేసి, గాలి, వెలుతురు ఇస్తే ఒక్క రోజులో పిల్లలు బయటికి వస్తాయి. అతడు గ్లాసులో ముంచి దీపానికి ఎదురుగా పట్టాడు. నారింజ రంగు చుక్కలు వేలకొలది ఈదుతున్నాయి. ఇవే ఆ సముద్రపు కోతులు!

ప్రియులారా, ఎండిన ధూళి నుండి జీవము లేచుట చాలినంత అద్భుతము కాదా? దాని మీద కిరీటము గీయవలసిన అవసరమేమి? ఆ అబద్ధపు బొమ్మ వల్లనే పిల్లలు నిజమైన అద్భుతాన్ని చేతిలో ఉంచుకొని కూడా పారబోశారు.

ఈ మాట నేను బాధతో వ్రాస్తున్నాను. మా సంఘములో ఒక తల్లి, జబ్బుపడిన బిడ్డ కోసం ఒక సభలో చెప్పిన మాట నమ్మి, పుస్తెలు తాకట్టుపెట్టి కానుక వేసింది. నలభై రోజులలో స్వస్థత అని అక్కడ చెప్పారు. బిడ్డ బాగుపడలేదు. "దేవుడు నన్ను మోసం చేశాడు అయ్యగారూ" అని ఆమె గుడికి రావడం మానేసింది. ప్రతి శనివారం నేనూ, నా భార్యా వాళ్ళ ఇంటికి వెళ్ళి, బిడ్డ దగ్గర కాసేపు కూర్చొని వస్తున్నాము. ఆమెను మోసగించినది దేవుడు కాదు, ఆయన సువార్త మీద ఎవరో గీసిన కిరీటము.

మన ప్రభువు అలా పిలువలేదు. నిన్ను వెంబడిస్తానని వచ్చినవానితో, నక్కలకూ పక్షులకూ ఉన్న నీడ కూడ తనకు లేదని ముందే చెప్పాడు (లూకా 9:58). సిలువ సంగతి దాచలేదు. స్వస్థపరచే దేవుడు మన దేవుడు, అందుకే ఆ బిడ్డ కొరకు నేటికీ ప్రార్థిస్తున్నాము. అయితే ఆయన చేయి ఎప్పుడు, ఎలా కదలాలో వెల కట్టి, తారీఖు వేసి అమ్మే అధికారము ఏ సేవకునికీ లేదు. వాక్యమును కల్తీచేసి బేరము పెట్టేవారితో పౌలు తనను కలుపుకొనలేదు (2 కొరింథీ 2:17).

తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఫోనులో బొమ్మ చూసి ఆశపడితే కసరకండి. పక్కన కూర్చోబెట్టుకొని, పొట్లము మీద ఏముంది, లోపల ఏముంది అని కలిసి చూడండి. రేపు ఎవరైనా దేవుని పేరట ఏదైనా అమ్మవచ్చినప్పుడు ఆ అలవాటు వారిని కాపాడుతుంది.

మన చేతిలోనిది ఆవగింజంత విశ్వాసమే కావచ్చును. దానిని పారబోయకండి. అందులో జీవమున్నది. ప్రభువు మీ కుటుంబములను దీవించునుగాక! ఆమేన్.