ఎవరి ఊరి పాట

నవంబరు 6, 2024, బుధ
పీతల కాలం ఈరోజే మొదలు. వంటగదిలో అందరి నోటా అదే మాట. మధ్యాహ్నం ఒకటే ఉరుములు. చలికాలంలో ఉరుములేంటో. జపాన్‌లో ఈ కనజావా వృద్ధాశ్రమానికి పనికి వచ్చి ఇన్నాళ్లయినా ఉలికిపాటు పోలేదు.

కరోకే రోజు. మళ్లీ అందరూ ‘త్సుగరు కైక్యో’ పాటే. పాడేవాళ్లలో ఆ జలసంధి వైపు వాళ్లు ఒక్కరూ లేరు. అయినా ఉఎనోలో రాత్రి బండెక్కి, అఓమోరిలో దిగి, ఓడెక్కాల్సిందే అందరూ. ఆ ఓడలు 1988లోనే ఆగిపోయాయి, సముద్రం కిందుగా పోయే 53.85 కిలోమీటర్ల సొరంగం తెరిచాక. పై అంతస్తు తాతగారు నిజంగా ఆ ఓడలో వెళ్లినాయన. ఆయన మాత్రం పాడలేదు.

కొత్తగా వచ్చిన వాజిమా మామ్మకి మైకు ఇవ్వబోతే తల అటు తిప్పేసుకుంది.

నవంబరు 13, బుధ
మామ్మది వాజిమా ఉదయపు సంతలో కొట్టట. ఎండుచేపలు అమ్మేది. జనవరి 1న భూకంపం, ఆ రాత్రే మంటలు. సంత చుట్టూ సుమారు 240 ఇళ్లూ కొట్లూ కాలిపోయాయి. అందులో ఆవిడదీ ఒకటి. సెప్టెంబరులో వరద, కూతురికిచ్చిన తాత్కాలిక ఇంట్లోకి కూడా నీళ్లు. ఇవేవీ ఆవిడ నోటితో చెప్పలేదు. కూతురు చెప్పింది.

వాజిమా ఉన్న నోతో మీద పాట కదా, సంతోషిస్తుందని మా లీడరు ‘నోతో హంతో’ పెట్టింది. 1977 పాట, ఇషికావా సయురిది. మామ్మ కదలకుండా చివరిదాకా వింది.

“ఇది వచ్చిపోయేవాళ్ల పాట,” అంది.

ఇంకేమీ అనలేదు. లీడరు మొహం చిన్నబోయింది.

రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే... నిజమే కదా. ప్రేమ కోసం నోతో వెతుక్కుంటూ వచ్చిన పిల్ల పాట అది. రాసిన అకు యూ ఎక్కడో అవాజి దీవివాడు. పాడినావిడ ఇంటిపేరు ఇషికావా, ఈ రాష్ట్రం పేరే, కానీ పుట్టింది కుమమోతోలో. ఎండుచేపలు అమ్మే మనిషి అందులో ఎక్కడుంది?

నవంబరు 17, ఆది
సెలవు. నగానో నుంచి వచ్చిన సహోద్యోగిని గదికి పిలిచాం. నాతో గదిలో ఉండే అక్క సర్వపిండి చేసింది. ఆ పిల్ల తింటూ తింటూ వాళ్ల రాష్ట్ర గీతం ఎత్తుకుంది, ‘షినానో నో కుని’. ఆరు చరణాలు, కాగితం లేకుండా. కొండలు, నదులు, మైదానాలు, ఊరి పెద్దమనుషుల పేర్లు, అన్నీ వరసగా. బడిపిల్లలకి భూగోళం నేర్పడానికి 1900 ప్రాంతంలో కట్టిన పాటట. నాలుగో చరణంలో రాగం మారి నెమ్మదిస్తుంది. అక్కడ కళ్లు మూసుకుంది.

తర్వాత చెప్పింది. 1948లో నగానోని రెండుగా విడదీయాలని సభలో వాదన. విడిపోవడం ఖాయమనుకున్న వేళ, పైన కూర్చుని చూస్తున్న జనం ఈ పాట అందుకున్నారట. విభజన ఆగిపోయింది. రాష్ట్ర గీతం అని ప్రకటించింది మాత్రం 1968లో.

నేనూ అక్కా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. అక్కది కరీంనగర్. నాది పలాస పక్కన. నేను రోజూ బడిలో పాడింది ‘మా తెలుగు తల్లికి’. రాష్ట్రం విడిపోయిన 2014లో నేను ఇంకా బడిలోనే ఉన్నాను, అక్క కాలేజీలో. మొన్న జూన్ 2న ‘జయ జయహే తెలంగాణ’ రాష్ట్ర గీతమైన రోజు అక్క ఫోన్లో విని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను టీ పెట్టిచ్చాను.

ఒకచోట కలిపి ఉంచిన పాట. ఒకచోట... పాట పనేనా అది, అసలు?

నవంబరు 24, ఆది
అమ్మ ఫోను. మా ఉద్దానం మీద పాట ఏదైనా ఉందా అని అడిగాను.

“పాటేటే? తిత్లీ తుపాన్లో కొబ్బరిసెట్లు పోయినపుడు టీవీవోళ్లొచ్చినారు, పేపరోళ్లొచ్చినారు. పాట కట్టినోడెవుడు?”

“నువ్వు పాడతావు కదమ్మా, జీడిపిక్కలు కొట్టేకాడ.”

“అవా! అవి ఊరి పాటలేటి, పని పాటలు.”

డిసెంబరు 4, బుధ
ఫిజియో ఆయనది హొక్కాయిడో. అక్కడి ఎరిమో కొస మీద కట్టిన పాట సంగతి చెప్పాడు. 1974లో మోరి షినిచి పాడింది, ఆ ఏడాది రికార్డు అవార్డు దానికే. అందులో ఆ ఊరి వసంతం గురించి అన్న మాట ఊరివాళ్లకి నచ్చలేదట. మా దగ్గర ఏమీ లేదంటాడా అని కోపం. తర్వాత్తర్వాత ఆ పాట విని జనం ఆ కొస చూడ్డానికి రావడం మొదలుపెడితే, ఊరే ఆయనకి కృతజ్ఞతలు చెప్పింది. ఇప్పుడు అక్కడ ఆ పాటకో రాయి. అంతకుముందు 1961లో షిమకురా చియోకో అదే పేరుతో పాడిన పాటకి ఇంకో రాయి.

మామ్మ పక్కనే ఉంది. “రాళ్లు పెడతారు,” అంది.

మెచ్చుకోలా? తెలియలేదు.

డిసెంబరు 11, బుధ
మామ్మకి స్నానం చేయిస్తున్నా. వీపు మీద వేన్నీళ్లు పోస్తుంటే ఏదో సన్నగా తీస్తోంది. మాటలున్నట్టే లేవు. ఒక్క అక్షరం పట్టుకుని లాగుతూ, లాగుతూ, ఇక తెగుతుందనుకునేలోపు ఇంకోదానికి వెళ్తుంది.

“ఏ పాట మామ్మగారూ?”

“మదరా.”

పెళ్లిళ్లలో, కొత్త పడవ నీళ్లలోకి దించేటప్పుడు, శుభకార్యాలన్నిటా పాడేదట. అందరూ కూర్చుని, చప్పట్లు కొడుతూ.

“ఇప్పుడు శుభకార్యం ఏముందని?” నోరు జారి అడిగేశాను.

“నీళ్లు వెచ్చగా ఉన్నాయి కదా,” అంది.

డిసెంబరు 19, గురు
మామ్మ ఈరోజు మాట్లాడింది. సంత గురించి. పొద్దున్నే చీకట్లో చాప పరిచి, చేపలు సర్ది, వచ్చేపోయేవాళ్లని “కోతే కుదాఁ”, అంటే కొనండి, అని పిలవడం. పిలిచి చూపించింది కూడా. ఎనభై దాటిన గొంతు కాదది. పక్క గదివాళ్లు తలుపు తీసి చూశారు.

1990లో సకమోతో ఫుయుమి పాడిన ‘నోతో వా ఇరంకా ఇనే’ అంటే ఇష్టమట. ఆవిడదీ బయటి ఊరే, వకయామా. “అయినా ఆ పాటలో అమ్మే మనిషి ఉంది.”

నేల లేచిందని కూడా చెప్పింది. వాజిమా తీరం కొన్నిచోట్ల 4 మీటర్ల దాకా పైకి లేచింది. రేవులో నీళ్లు లేక పడవలు కదల్లేదు. నోతోలో మన్ను కూడా మెత్తని మనసుదేనని పాత సామెత ఒకటుంది ఇక్కడ. అది అని, ఆగి, “మన్నుని తిట్టను,” అంది.

డిసెంబరు 26, గురు
భోజనాల దగ్గర అందరూ ఏడాది చివరి రాత్రి టీవీలో వచ్చే కోహాకు పాటల ముచ్చట్లే. ఇషికావా సయురి ఈసారి ‘త్సుగరు’ కాదు, ‘అమగి గోఎ’ కాదు, ‘నోతో హంతో’ పాడుతుందట. ఇన్నేళ్లుగా ఆ రెండే మార్చి మార్చి పాడిన మనిషి.

మామ్మ చేపలో ముళ్లు తీసుకుంటూ కూర్చుంది. వచ్చిపోయేవాళ్ల పాట... మళ్లీ అంటుందేమో అని చూశాను. అనలేదు.

డిసెంబరు 31, మంగళ
నైట్ డ్యూటీ. హాల్లో సగం మంది నిద్రపోయారు. మామ్మ మేలుకునే ఉంది. పాట మొదలవగానే శబ్దం పెంచమని చేత్తో సైగ చేసింది. పెంచాను. ఇంకా అంది. పెంచాను.

అయ్యాక చాలాసేపు ఏమీ అనలేదు. మంచం మీదికి చేరుస్తుంటే, “దేశమంతా వింది కదా ఇప్పుడు?”

“వింది మామ్మగారూ.”

“తప్పులు పోకుండా పాడింది.”

ఇంకెవరైనా అంటే ఇది మామూలు మాటే. మామ్మ అన్నది.

జనవరి 1, 2025, బుధ
సాయంత్రం 4:10, భూకంపం వచ్చిన నిమిషం. టీవీలో వాజిమా. అందరూ తలలు వంచారు. మామ్మ హాల్లోకి రానంది. గదిలో తువ్వాళ్లు మడతపెడుతూ కూర్చుంది. మడతపెట్టినవే విప్పి మళ్లీ మడత. నేనూ కూర్చుని అందుకున్నాను. ఏ మాటా లేదు.

జనవరి 8, బుధ
మామ్మ పాడింది!

కరోకే మిషన్లో మదరా లేదు. “దాంతో పనేముంది?” అని నడుం నిటారు చేసి మొదలుపెట్టింది. పాట ఎప్పుడయిపోతుందో ఎవరికీ తెలియక చప్పట్లకి చేతులెత్తి దించుకున్నారు. మధ్యలో మూల కూర్చునే తాతగారు, ఎప్పుడూ నోరు విప్పనాయన, గొంతు కలిపాడు. ఆయనది ననఓ. రెండు లాగుళ్లు కలిశాయి, మూడోదానికి విడిపోయాయి. మామ్మ ఆపేసింది.

“అక్కడ అలా దిగకూడదు.”

“మా ననఓలో అలాగే దిగుతారు.”

“అయితే అది మదరా కాదు.”

“మాదే అసలు మదరా!”

టీ చల్లారిపోయింది. ఇద్దరి బుగ్గలూ ఎర్రబడ్డాయి. మా లీడరు ఆపబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. ఆ తాతగారు అంత గట్టిగా మాట్లాడగా ఈ ఇంట్లో ఎవరూ వినలేదు.

జనవరి 12, ఆది
లీడరు వెతికి చెప్పింది. మదరా వాళ్లది కాదట అసలు, ఇద్దరిదీ కాదు. క్యుషులో మదరా అనే దీవి ఉంది, అక్కడి పాటని పడవవాళ్లు సముద్రం మీదుగా ఈ తీరానికి తెచ్చారంటారు.

మామ్మకి చెప్పాలా వద్దా? పొద్దుటినుంచీ ఇదే నస. సాయంత్రం చెప్పేశాను.

“తెలుసు. మా మామగారు చెప్పారు.”

“మరి మీ ఊరి పాట అంటారేం?”

“నేనూ పక్కూరినుంచే వచ్చాను వాజిమాకి, కోడలిగా. నన్ను వాజిమా మామ్మ అనడంలా నువ్వు?”

జనవరి 19, ఆది
కూతురు వచ్చింది. సంతవాళ్లు జూలై నుంచి వాజిమాలోనే ఒక దుకాణాల భవనంలో అమ్ముతున్నారు. వసంతానికి మామ్మని ఒక పూటైనా తీసుకెళ్తానంది. మామ్మ అప్పుడే ఏప్రన్ సంగతి అడుగుతోంది, పాతది కాలిపోయింది, ఏ రంగుది కొనాలని.

అమ్మ రికార్డు చేసి పంపింది. నేను మళ్లీ అడగకుండానే. పిక్కలు కొట్టే చప్పుడు, వెనకాల ఎవరిదో నవ్వు, నడుమ అమ్మ గొంతు. మామ్మకి వినిపించాను. ఫోను చెవికి ఆనించుకుని వింది, మళ్లీ పెట్టమంది.

మాటలకి అర్థం అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

“మీ అమ్మ ఊపిరి ఎక్కడ తీసుకుంటోంది? నాకు దొరకలేదు,” అంది.

నాకూ తెలియదు. రేపు అమ్మకి ఫోన్ చేసి అడగాలి.