చిలుము పట్టిన హార్మణీ

1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన త్రోవన వచ్చు గుణుపురం బండికై నిన్న నౌపడ స్టేషనులో వేచియుండగా, ఉప్పుమడుల గాలి ముఖమునకు తగిలి, ఒకప్పుడు మా ఉద్దానపు ఊళ్లలో తెల్లవార్లును పద్యనాటకములకు వాయించిన హార్మణీ మాస్టరుగారు జ్ఞప్తికి వచ్చిరి. నాటకములు సన్నగిల్లి, పిలుచువారు కరవై, నాడు చంద్రమతి వేషము కట్టిన యామె మన జిల్లావారెందఱో స్థిరపడిన పోర్టుబ్లెయరున నున్నదని విని, అరువదియవ యేట ఆయన విశాఖలో ఓడ యెక్కిరి. బయలుదేరుముందు చిలుము పట్టిన రీడుల నొక్కొక్కటే విప్పి, పంచెకొంగుతో తుడిచి, మధ్యమము నిండుగా పలుకువఱకు విడువలేదు. ఆ వ్రేళ్ల వణకు నేటికిని నా కన్నుల నున్నది. అచ్చటి తెలుగువారి గుడిలో ఆయన మరల శ్రుతి పట్టినప్పుడు, స్తంభము చాటున ఒక నెరసిన తల మెల్లగా ఊగినదని తిరిగివచ్చినవారు చెప్పిరి.