బాక్సుల చాటున

జపాన్ బొమ్మల కథల్లో నెగిషి అని ఒక పిల్లగాడున్నాడు. క్యూషూ దీవిలో ఒయిత అనే సీమ, వ్యవసాయం చేసుకునే ఇల్లు. చదువుకని టోక్యో వచ్చి పడ్డాడు. మాట మెత్తన, చూపు నేలమీద. స్వీడన్ పాప్ పాటలంటే ప్రాణం. గిటారు ఒళ్లో పెట్టుకొని ప్రేమ గురించి, పొద్దుటెండ గురించి సుతారంగా పాడుకుంటూ బతకాలని కోరిక. తీరా చేరిన కంపెనీవాళ్లు అతనికి ముఖమంతా తెల్లరంగు పూసి, నుదుట ‘చంపు’ అని అర్థమొచ్చే అక్షరం రాసి, క్రౌజర్ అని పేరు పెట్టి డెత్ మెటల్ పాడించారు. అది కాస్తా పేలింది. వేదిక కింద జనం పూనకంతో ఊగిపోతుంటే, లోపల నెగిషికి ఏడుపొక్కటే తక్కువ.

ఈ కథ పేరు ‘డెట్రాయిట్ మెటల్ సిటీ’. కిమినోరి వకసుగి 2005 నుంచి 2010 దాకా ఒక పత్రికలో నడిపాడు. పది సంపుటాలైంది. 2008లో సినిమా కూడా తీశారు. అందులో నాకు బాగా నచ్చిన ఘట్టం ఊళ్లో జరుగుతుంది. నెగిషి ఇంటికొస్తే తమ్ముడు చదువు, పొలం రెండూ గాలికొదిలి క్రౌజర్ భక్తుడై కూర్చుని ఉంటాడు. అన్న చెబితే వింటాడా? వినడు. ఆఖరికి అన్న ఆ తెల్లరంగు పూసుకొని, రాక్షస వేషంలో పొలానికి దిగి, తమ్ముడి చేత వ్యవసాయం పనులు చేయిస్తాడు. అన్న మాటకు లేని విలువ వేషం మాటకుంది.

చదివినవాళ్లంతా నెగిషి రెండు ముక్కలైపోయాడని జాలిపడతారు. నాకెందుకో ఆ రెండో మనిషి కనబడలేదు. మొదటినుంచీ ఉన్నది సిగ్గరి ఒక్కడే. సిగ్గరికి కేక పెట్టడం సులువు, కూనిరాగం కష్టం. కేకకు వెయ్యి వాట్ల చాటుంటుంది. కూనిరాగానికి ఏ చాటూ ఉండదు, గొంతులో వణుకు గొంతులోనే దొరికిపోతుంది. నెగిషి నడిబజార్లో మెత్తని పాట పాడితే ఆగి వినేవాడుండడు. కేక పెడితే మాత్రం అతని కేకకు సాటి లేదు. కంపెనీవాళ్లు బలవంతం చేసిందెంత, ఆ చాటు అతనికి అక్కరకొచ్చిందెంత అన్నది వకసుగి తేల్చలేదు. తేల్చితే నవ్వు పోతుంది.

ఇంత దూరపు సంగతి నాకు పట్టుకోవడానికి కారణం మా మల్యాలలోనే ఉంది. లగ్గాల రోజుల్లో రాత్రి తొమ్మిది దాటితే ఏదో ఒక వాడలో బరాత్ ఉంటుంది. ముందు డీసీఎం వ్యాను, దాని మీద ఇద్దరు మనుషుల ఎత్తున బేసు బాక్సులు, పైన రంగురంగుల లైట్లు, వెనక జనరేటరు. బాక్సులకూ జనరేటరుకూ నడుమ మనిషి ఒంటికాలి మీద నిలబడేంత సందు. ఆ సందులో మిక్సరు, ల్యాప్‌టాపు, మా వాడకట్టు పిల్లగాడు. ఇరవై రెండేళ్లుంటాయి. టోపీ కనుబొమ్మల దాకా దించుకుంటాడు. చెవుల్లో దూది. వాళ్ల బాపు దుబాయిలో ఉంటాడు. ఆ పైసలతో మొదట కొన్నది కీబోర్డు, డీజే సామాను ఆ తర్వాతి సంగతి. కొండగట్టుకు భజనకు పోయే ఒక పెద్దాయన దగ్గర హార్మోనియం మెట్లు నేర్చుకున్నాడు. పొద్దుగూకినాక ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఇళయరాజా పాటలు వాయించుకుంటాడు. కీబోర్డు శబ్దం బయటికి రాదు, ప్లాస్టిక్ మెట్ల టకటక ఒక్కటే వినిపిస్తుంది. పక్కింటివాళ్లకు వాడేదో టైపు నేర్చుకుంటున్నాడని అనుమానం.

బరాత్‌లో వాడితో ఎవరూ మాట్లాడలేరు, అరిచినా వినబడదు. పాట కావలసినవాళ్లు సెల్లులో పాట పేరు పెద్దక్షరాలతో టైపు చేసి వాడి ముఖం ముందు పట్టుకుంటారు. పెండ్లికొడుకు దోస్తులు, చిన్నాయనలు, ఒక్కోసారి నాయనమ్మ తరఫున మనవరాలు. వాడు చదివి తలూపుతాడు, లేకపోతే వేలితో ‘తర్వాత’ అని చూపిస్తాడు. గంటల తరబడి నోరు విప్పే పని లేదు. ఊరంతా వాడి చెప్పుచేతల్లో ఎగురుతుంది, వాడి ముఖం మాత్రం ఎవరికీ తెలియదు. అదే పిల్లగాణ్ణి ఒక ఏడు గణపతి మంటపంలో కీబోర్డు ముందు కూర్చోబెట్టారు. మెత్తని భజన పాట, నాలుగు నిమిషాలు. చేతులు చెమటపట్టి మెట్లు జారాయి. తర్వాత అడిగితే, “గాడ అందరు నన్నే సూస్తున్నరు కాకా. గీ బండి మీదైతే బాక్సులనే సూస్తరు, నన్నెవ్వలు సూడరు” అన్నాడు.

డీజే అంటే నాకు పడదు, దాచేదేముంది. బండి పోతుంటే కిటికీ అద్దాలు గజగజమంటాయి, బీపీ మనుషులకు నరకం. చిన్న హనుమాన్ జయంతి రోజుల్లో దీక్ష స్వాములు నడుచుకుంటూ మల్యాల ఎక్స్ రోడ్డు దాటి కొండగట్టు వైపు సాగుతారు. ఆ నామస్మరణ కూడా ఇప్పుడు బాక్సుల్లో పడి, గుండెల మీద గుద్దే దరువైంది. కానీ ఆ సందులో ఒంటికాలి మీద నిలబడ్డవాణ్ణి చూశాక నా తిట్లలో సగం ఎవరి మీద పెట్టాలో తోచడం లేదు.

హెవీ మెటల్ పుట్టింటి సంగతి చూసినా ఇలాగే ఉంటుంది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్, ఇనుప కార్ఖానాల ఊరు. టోనీ అయోమీ అనే పదిహేడేళ్ల కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పని మానేసే ఆఖరి రోజునే మిషనులో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. సన్నటి తీగలు వేసుకున్నాడు. పోనుపోను నొప్పి తగ్గడానికి ఆ తీగల్ని వదులు చేసి శ్రుతి దించాడు. ఆ దించిన శ్రుతిలోంచి వచ్చిన బరువైన చప్పుడు మీద లోకమంతా మెటల్ కట్టుకుంది. వాళ్ల బ్యాండు బ్లాక్ సబ్బాత్. మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం వచ్చింది. వినేవాళ్లకు అది రాక్షస ఘోష. వాయించినవాడికి వేళ్ల నొప్పికి చేసుకున్న ఉపాయం.

ఆ బ్యాండు గాయకుడు ఆజీ ఆజ్‌బర్న్ కొన్నాళ్లు కబేళాలో పనిచేసినవాడు. సంగీతంలోకి రావాలన్న కోరిక పుట్టించింది మాత్రం బీటిల్స్ ప్రేమపాట. జీవితమంతా చీకటి రారాజు వేషం వేశాడు గానీ నోరు తెరిస్తే బీటిల్స్ భక్తుడే. 1972లో సబ్బాత్ వాళ్లు పియానో మీద ఒక విషాద గీతం చేశారు, ‘ఛేంజెస్’ అని. ముప్పై ఒక్కేళ్ల తర్వాత, 2003లో, అదే పాటను కూతురితో కలిసి మళ్లీ పాడితే బ్రిటన్ పాటల పట్టికలో ఆజీకి మొదటి స్థానం దక్కింది. నెగిషి కోరుకున్న రోజు అతనికి యాభై దాటాక వచ్చింది, అదీ కూతురి చాటున. 2025 జూలైలో పోయాడు.

మా దిక్కున బర్మింగ్‌హామ్ లాంటి ఊరంటే సిరిసిల్ల. సాంచల షెడ్డులోకి అడుగుపెడితే పక్క మనిషి మాట వినబడదు, సైగలతోనే పని. అక్కడ మెటల్ బ్యాండు పుట్టలేదు. కానీ ఆ పక్కనే, వేములవాడ దగ్గర హనుమాజీపేట అని ఒక ఊరుంది. ఒగ్గుకథకు పేరుమోసిన మిద్దె రాములు ఆ ఊరివాడు. తెలుగులో గజల్ రాసి, పాడి, 1988 జ్ఞానపీఠం అందుకున్న సి.నారాయణరెడ్డిదీ అదే ఊరు. డోలు దద్దరిల్లే ఆట, తలుపు చాటున నిలబడి చెప్పుకునేంత మెత్తని గజలు, రెండూ ఒకే మట్టిలోంచి లేచాయి. జంగం కథలు, హరికథలు వింటూ పెరిగానని నారాయణరెడ్డి తానే చెప్పుకున్నారు. ఇక ఒగ్గుకథలో అయితే ఈ రెండింటికీ ఎడమే లేదు. డోళ్లు మోగుతుండగా వీరంగం వేసిన కథకుడే, మరు నిమిషం కొంగు తల మీదికి లాక్కుని ఎల్లమ్మై శోకం పెడతాడు. ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్లకు అంతసేపూ అది మీసాలున్న మనిషని గుర్తుండదు.

సినిమావాళ్లలో ఈ ముచ్చట చెప్పుకోవాలంటే భీమ్స్ సిసిరోలియో ఉన్నాడు. 2022 డిసెంబరు 23న ‘ధమాకా’ వచ్చింది. అందులోని ‘జింతాక’ పాట ఆ ఏడాది మా ఊళ్లో ఏ బరాత్‌నూ వదలలేదు. సరిగ్గా డెబ్బై రోజులకు, 2023 మార్చి 3న, ‘బలగం’ వచ్చింది. ఊరి మీద పాట అందులోదే. రెండింటికీ సంగీతం భీమ్స్. రెండూ రాసింది కాసర్ల శ్యామ్. రెంటిలోనూ ఆడగొంతు మంగ్లీది. కాసర్లకు జాతీయ అవార్డు తెచ్చింది ఊరి పాట, పెండ్లిళ్లలో జనాన్ని లేపింది జింతాక. వీళ్లను ఎవరైనా ‘మీ అసలు పాట ఏది?’ అని అడిగారో లేదో గానీ, అడిగితే అన్యాయం. ‘జింతాక’ దరువులో కూడా తండా, ఊరు రెండూ ఉన్నాయి, ఎగిరేవాళ్లకు వినే తీరిక లేకపోయింది.

‘బలగం’ తీసిన వేణు ఎల్దండిది సిరిసిల్ల. 2007లో ‘మున్నా’ సినిమాతో టిల్లు వేణు అయ్యాడు, ‘జబర్దస్త్’తో ఇంటింటికీ తెలిశాడు. అరుపులు, తన్నులు, వేషాల నవ్వు అది. ఆ మనిషి మొదటిసారి తన సొంత కథ చెప్పాల్సి వచ్చినప్పుడు చావింటికి వెళ్లాడు. కొమురయ్య అనే ముసలాయన పోతే, పెట్టిన పిండం పిట్ట ముట్టని కథ. కోనరావుపేటలో తీశాడు, మా యాసలో తీశాడు. నవ్వించినన్నాళ్లూ ఈ కథ ఎక్కడ దాచుకున్నాడో! తోటి కమెడియన్ల మధ్య కూర్చుని ‘నాకు ఏడిపించే సినిమా తీయాలనుంది’ అనడానికి ఎంత సిగ్గుపడి ఉంటాడో ఊహించుకుంటే నాకు ముచ్చటేస్తుంది. ఇది నా ఊహే, ఆయన ఎక్కడా అన్నమాట కాదు.

ఆ సినిమా చివర బుడగ జంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య వచ్చి పోయినాయన మీద పాటెత్తుకుంటారు. అప్పటిదాకా ముఖాలు మాడ్చుకుని నిలబడ్డ కొడుకులు, అల్లుడు బావురుమంటారు. థియేటర్లో కూడా అప్పుడే మగవాళ్లు రుమాళ్లు తీశారు. మా దిక్కు చాలా ఊళ్లలో చౌరస్తాల్లో తెర కట్టి మరీ చూశారు, తగవులు పడి మాటల్లేని అన్నదమ్ములు కలిసి కూర్చున్నారని పేపర్లలో వచ్చింది. నేననేదల్లా, మా మగవాళ్లకు ఏడవాలన్నా చాటు కావాలి. ఒకడు పాట పాడుతూ అడ్డం నిలబడితే వాడి వెనక దాక్కుని ఏడుస్తారు. ఎగరాలన్నా అంతే. మందు, చీకటి, బేసు మూడూ కలిస్తే గానీ పెదనాన్న చెయ్యి పైకి లేవదు. బాక్సుల చాటు వాయించేవాడికేనా, ముందు ఎగిరేవాళ్లకూ చాటే. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశాడు.

2025 సంక్రాంతి సినిమాకు భీమ్స్ మరో పాట చేశాడు. ‘సంక్రాంతికి వస్తున్నాం’లోని గోదారి గట్టు పాట. ఆడగొంతు గోదావరిఖని మధుప్రియది, మగగొంతు రమణ గోగులది. ‘మిస్టీ రిథమ్స్’ బ్యాండుతో తెలుగులో పాప్ కలలు కన్నవాళ్లలో ముందువరస మనిషి రమణ గోగుల. ‘ప్రేమంటే ఇదేరా’, ‘తమ్ముడు’, ‘బద్రి’ చేసి, తర్వాత అమెరికాలో ఉద్యోగాల వైపు వెళ్లిపోయాడు. ఇన్నేళ్లకు ఆ కాస్త బొంగురు గొంతు వినబడేసరికి మా ఈడువాళ్లం చిన్నపిల్లలమయ్యాం. మెత్తని పాట, ఆలుమగల అలక తీర్చే పాట. వారం తిరగకుండా బరాత్‌లోకి వచ్చేసింది, అడుగున బేసు గుద్దుకుంటూ.

మా వాడకట్టు పిల్లగాడు కూడా ఒక రీమిక్స్ చేశాడు, ల్యాప్‌టాపులో రాత్రిళ్లు కూర్చుని. చుట్టాల లగ్గంలో విన్నాను. షరా మామూలుగా గుండెలదిరే దరువు. పాట నడుమ ఒక చోట మాత్రం దరువంతా తీసేశాడు. ఎనిమిది లెక్కల సేపు ఉత్త కీబోర్డు, ఎవరి పాటలోదో కాదు, వాడు వాయించిందే. ఎగిరేవాళ్లు ఏమైందోనని బండి వైపు చూశారు. ఇద్దరు ముగ్గురు ఈలలేశారు. అంతలోనే బేసు మళ్లీ పడింది.

తెల్లారి హోటల్లో చాయ్ తాగుతుంటే దొరికాడు. గాడ బేసు ఎందుకు కలపలేదురా అని అడిగాను.

“మర్సిపోయిన కాకా” అన్నాడు, గ్లాసులోకి చూస్తూ.