ధ్వజం దిగిన రథం



కర్నూలు నగరంలో నివసించే ఒక విశ్రాంత ప్రభుత్వోద్యోగి తన సొంత కారు వెనుక భాగాన అతికించుకొన్న ‘ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం’ అనే వెండిరంగు అక్షరాలను, వైశాఖమాసంలో ఒకనాటి మధ్యాహ్నం తన చేతులతోనే తొలగించారు. పదవీవిరమణ జరిగి అప్పటికి రెండు సంవత్సరాలు గడిచాయి. కార్యం స్వల్పమే; దాని వెనుక నడిచిన అంతర్మథనం మాత్రం స్వల్పం కాదు.

ఆ రెండేళ్లలో అక్షరాలను తీసివేయమని ఇంటివారు పలుమార్లు చెప్పారు. "రేపు చూద్దాం" అనేవారాయన. ఆ అక్షరాలను చూసి వీధిలో వారు దారి ఇచ్చేవారు, కావలివారు నమస్కరించేవారు. అది అసత్యమని ఆయనకు తెలుసు. తెలిసీ విడువలేకపోవడమే బంధం.

ఒక పర్వదినాన ఆయన దైవదర్శనానికి వెళ్లినప్పుడు, ఆ అక్షరాలను చూచిన కాపలాదారు అడ్డుగడ పైకెత్తి కారును గోపురద్వారం వరకూ పోనిచ్చాడు. అదే క్షణంలో ఊతకర్రతో నడుస్తున్న ఒక వృద్ధురాలు దిగిన ఆటోను వెనక్కి పంపివేశారు. ఆమె ఎండలో ఆగి ఆగి నడుస్తూ వచ్చింది. ఆయన దర్శనం ముగించుకొని బయటికి వచ్చేసరికి ఆమె ఇంకా మెట్ల వద్దనే ఉన్నది. అర్చన వేళ అర్చకుడు గోత్రం, నక్షత్రం, నామధేయం అడిగాడే గాని ఉద్యోగం అడగలేదన్న సంగతి ఆయనకు అప్పుడు స్ఫురించింది. స్వామి సన్నిధిలో అక్కరకు రాని పేరు ద్వారం వద్ద ఒకరి దారిని అపహరించింది. తిరుగుప్రయాణంలో ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

మరునాటి ఉదయమే చాకు తీసుకొని అక్షరాలను పెకలించబూనారు. జిగురు గట్టిగా ఉన్నది. చాకు జారి రంగుపై గీత పడింది. ఎదురింటి మెకానిక్ చూచి, "అయ్యా, చల్లగా ఉన్నప్పుడు పీకితే రంగు లేస్తుంది. ఎండకు పెట్టండి, అదే మెత్తబడుతుంది" అన్నాడు. కర్నూలు ఎండకు కొరత ఏమున్నది? మధ్యాహ్నానికి లోహం చేయి పెట్టరానంతగా కాగింది. అప్పుడు అక్షరాల వెనుకకు నైలాన్ దారాన్ని పోనిచ్చి అటూ ఇటూ మెల్లగా లాగితే ఒక్కొక్క అక్షరం ఊడి వచ్చింది. మిగిలిన జిగురును నూనె రాసి, మెత్తని గుడ్డతో తుడిచారు.

వైరాగ్యానికీ ఇదే క్రమం. అవమానం కలిగిన వేడిలో కాక, అవమానం కలిగిన కోపంలో విడిచినది గీత మిగిల్చిపోతుంది. శ్మశానవైరాగ్యం చాకు వంటిది. తపస్సు ఎండ వంటిది. అది అహంకారాన్ని కోయదు, దాని పట్టును సడలిస్తుంది.

తుడిచిన తరువాత ఒక వింత కనబడింది. అక్షరాలు పోయినా అక్షరాల ఆకృతి పోలేదు. ఏళ్ల తరబడి ఎండకు చుట్టుప్రక్కల రంగు వెలిసింది. అక్షరాల క్రింది రంగు కొత్తదిగానే నిలిచింది. అందుచేత ‘ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం’ అనే మాట నీడవలె ఇప్పటికీ చదువవచ్చు. శాస్త్రకారులు దీనినే వాసన అన్నారు. విద్యారణ్యస్వామి జీవన్ముక్తివివేకంలో తత్త్వజ్ఞానంతో పాటు వాసనాక్షయమూ మనోనాశమూ కావాలని ప్రతిపాదించి, మలినవాసనలను లోకవాసన, శాస్త్రవాసన, దేహవాసన అని మూడుగా విభజించారు. నలుగురూ గౌరవించాలనే కోరిక లోకవాసన. పదవి ఒక్కనాడు ముగుస్తుంది. వాసన ఆనాడు ముగియదు.

భారతంలో రథాలకు ధ్వజచిహ్నాలు ఉన్నాయి. భీష్ముడు తాళధ్వజుడు, దుర్యోధనుడు నాగధ్వజుడు, అర్జునుడు కపిధ్వజుడు. శల్యపర్వంలో, దుర్యోధనుడు కూలిన పిమ్మట శిబిరం చేరిన వేళ, శ్రీకృష్ణుడు అర్జునుణ్ణి ముందుగా దిగమన్నాడు. అర్జునుడు గాండీవంతో దిగిన తరువాత తాను దిగాడు. తక్షణమే ధ్వజం మీది కపి అంతర్ధానమయింది, రథం భస్మమయింది. ద్రోణ కర్ణుల అస్త్రాలకు అది ఏనాడో దగ్ధమయినదని, తన సాన్నిధ్యం చేతనే అంతవరకూ నిలిచినదని భగవానుడు వివరించాడు. ప్రయోజనం తీరిన రథాన్ని పట్టుకొని కూర్చొనడం పార్థునికైనా క్షేమం కాదు. దిగమన్నప్పుడు దిగడమే అతని ధర్మం.

కఠోపనిషత్తులోనూ ఒక రథం ఉన్నది. ఆత్మ రథి, శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. సమస్తం చెప్పిన ఆ రూపకంలో ధ్వజం ఊసు లేదు. గమ్యం చేరడానికి సారథి కావాలి, పగ్గం కావాలి, పతాక అక్కరలేదు.

కేంద్రప్రభుత్వ నిర్ణయంతో 2017 మే 1 నుండి మంత్రుల, అధికారుల వాహనాలపై ఎర్రదీపాలు తొలగిపోయాయి. శాసనం దీపాన్ని దించగలదు. నడినెత్తిన వెలిగే దీపాన్ని దించుకోవలసినది ఎవరికి వారే.

చిహ్నాలన్నీ త్యాజ్యాలని దీని భావం కాదు. నుదుటి తిలకం, భుజం మీది యజ్ఞోపవీతం సాధకునికి తన కర్తవ్యాన్ని గుర్తు చేస్తాయి. శిఖాయజ్ఞోపవీతాలను విసర్జించే సంన్యాసవిధి సైతం అధికారం సిద్ధించిన వానికే. పరీక్ష ఒక్కటే: ఈ చిహ్నం నాకు కర్తవ్యాన్ని గుర్తు చేస్తున్నదా, ఇతరులకు నా ఆధిక్యాన్ని గుర్తు చేస్తున్నదా?

ఆ నీడను మాపడానికి కొత్త రంగు వేయిస్తామని కుమారుడు అన్నాడు. ఆయన వద్దన్నారు. "ఎండే కలుపుతుంది లే నాయనా, ఉండనీ" అన్నారు. మరుసటి మాసం అదే క్షేత్రానికి వెళ్లినప్పుడు కాపలాదారు కారును దూరంగానే ఆపాడు. ఆయన దిగి, చెప్పులు కారులోనే విడిచి, గోపురం వరకూ నలుగురితో కలిసి నడిచారు. కాళ్లు కాలాయి. అర్చకుడు గోత్రనామాలు అడిగాడు, చెప్పారు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.