చప్పుడు కాదు, మాట వినబడాలి

మన షోలాపూరు తూర్పుభాగంలో నిశ్శబ్దమంటే యేమిటో కరెంటు పోయినప్పుడే తెలుస్తుంది. సాఖర్ పేటలోనైనా, అశోక్ చౌకు వైపునైనా, దుప్పట్లు, తువాళ్ళు నేసే మరమగ్గాల దడదడ మధ్యనే మన బేరాలూ, పెండ్లి ముచ్చట్లూ. ఆ దడదడలో నలభై యేండ్లు నిలబడి పనిచేసిన మా పెద్దనాయనకు చెవులు మందగించాయి.

మా యింట 1998 నాటి మారుతీ 800 కారు వున్నది. హైదరాబాదు మూడువందల కిలోమీటర్ల పైమాటే అయినా, చుట్టాల పెండ్లిళ్ళకు అందులోనే వెళతాము. దారిలో ఘంటసాల పాటలు వుండవలసిందే. పాటలోని చమత్కారానికి మేము నవ్వితే, పెద్దనాయన మా ముఖాలు చూచి నవ్వేవాడు.

పిల్లలు డిక్కీలో పెద్ద బేసు పెట్టె పెట్టిద్దామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "చప్పుడు బాగనే వినబడుతున్నది బిడ్డా, మాటలే తెలుస్తలేవు" అన్నాడు.

ఆ మాటలోనే కిటుకంతా వున్నది. యంత్రాల రొద వల్ల కలిగే చెవుడు మొదట 4000 హెర్ట్జుల దగ్గరి సన్నని ధ్వనులను తినివేస్తుంది. స, శ, త వంటి హల్లులు అణగిపోయి అచ్చులు మాత్రం మిగులుతాయి. బేసు పెంచితే ఆ హల్లులు మరింత మునుగుతాయి. వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్లే.

అందుచేత ముందు కారు రొద తగ్గించాము. తలుపుల లోపలి రేకుకు బ్యూటైల్ పట్టీలు అంటించి, యెండిన రబ్బరు బీడింగు మార్పించాము. పాత స్పీకర్లు తీయించి 4 ఓముల కొత్తవి బిగించి, సన్నని స్వరాలు పలికే ట్వీటర్లను డాష్‌బోర్డు మూలల్లో, చెవికి యెదురుగా పెట్టించాము. చిన్న ఆంప్లిఫయరుకు బ్యాటరీనుండి నేరుగా తీగ లాగి, బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు వేయించాము. ఎర్తు తీగ బిగించేచోట రంగు గీకించాము. ఆంప్లిఫయరు కొనేవారు డబ్బాపై పెద్ద అక్షరాల వాట్లు కాక, నిలకడగా యిచ్చే ఆర్.ఎం.ఎస్. వాట్లు చూడాలి.

తరువాతి ప్రయాణంలో ఉమర్గా దాటగానే మనుమరాలు పాటతో గొంతు కలిపి ఒక మాట తప్పు పాడింది. వెనుక సీటునుండి పెద్దనాయనే సరిదిద్దాడు. కొంతసేపు ఎవరమూ మాట్లాడలేకపోయాము.

అయితే కారుకు చేసిన మరమ్మతు చెవికి చేయలేము. రొదవల్ల చచ్చిన లోచెవి కణాలు మళ్ళీ మొలవవు. ఎనిమిది గంటల పనికి ఫ్యాక్టరీ నిబంధనలు పెట్టిన హద్దు 90 డెసిబెల్లు. మరమగ్గాల షెడ్లలో అది దాటడం అరుదు కాదు. మన యింటి కుర్రవాళ్ళు మగ్గం దగ్గరకు వెళ్ళేటప్పుడు చెవులకు ప్లగ్గులు పెట్టుకోవాలి, యేడాదికొకసారి చెవులు చూపించుకోవాలి. స్పీకర్ల ఖర్చుతో పోలిస్తే ఆ ప్లగ్గుల ఖరీదు లెక్కలోనిది కాదు.