అందరూ బాగుందన్న ఆట



ఈ నెల పేరెంట్స్ పేజీకి ఏదైనా రాయమని అడిగినప్పుడు పరీక్షల ముందు పిల్లల నిద్ర గురించో, తిండి గురించో రాద్దామనుకున్నాను. చివరికి వీడియో గేమ్ గురించి రాస్తున్నాను. దయచేసి పేజీ తిప్పేయకండి. రోజుకు ఎన్ని గంటలు ఆడనివ్వాలి అనే చర్చ కాదిది. ఆ విషయంలో మీకు చెప్పేంత గొప్పగా మా ఇల్లేమీ లేదు.

మా అబ్బాయి తొమ్మిదో తరగతి, అమ్మాయి ఆరో తరగతి. మొన్న సంక్రాంతికి మా మామగారు, పిన్నులు, మేనమామ మా వాడి చేతిలో పెట్టిన డబ్బులన్నీ కలిపితే రెండున్నర వేలు దాటాయి. ఆ డబ్బుతో ఒక గేమ్ కొనిపెట్టమన్నాడు. దాని పేరు చెప్పను కానీ, ప్రపంచమంతా తెలిసిన సిరీస్‌లో కొత్త భాగం. అపార్ట్‌మెంట్‌లో వాడి స్నేహితులందరి నోటా అదే మాట. ఏ వయసువారికో చూశాను, వాడికి తగినదే. తగ్గిన డబ్బులు నేను వేసి కొన్నాను.

నాలుగు రోజులు ఆడాడు. ఐదో రోజు నుంచి ముట్టుకోలేదు. "డబ్బులేమైనా చెట్లకు కాస్తున్నాయా?" అన్నాను. వాడేమీ మాట్లాడలేదు.

ఆ ఆదివారం కింద పార్కింగ్‌లో బండి తుడుచుకుంటున్నాను. స్తంభానికి అవతల వాడు స్నేహితులతో అంటున్నాడు: "సూపర్‌రా! నాలుగో లెవెల్ కూడా అయిపోయింది. ఆ చివరి ఫైట్ అయితే అదిరింది." వాడు రెండో లెవెల్ కూడా దాటలేదని నాకు తెలుసు.

రాత్రి మేడ మీద ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను, ఎందుకురా లేనిది చెప్పావని. కాసేపు నసిగి చెప్పాడు.

"ఆ గేమ్ ఓవర్‌రేటెడ్ నాన్నా. పోయినసారి ఇచ్చిందే బొమ్మలు మార్చి మళ్లీ ఇచ్చారు. ఆ మాటంటే నీకు ఆడటం రాక అలా అంటున్నావని వాళ్లు నవ్వుతారు. ఇంట్లో చెబితే డబ్బులు తగలేశావని నువ్వంటావు."

మొదటి సంగతి అర్థం చేసుకోగలను. రెండోది మాత్రం సూటిగా నాకే తగిలింది. కింద స్నేహితులకు భయపడి అబద్ధం చెబుతున్నాడు, పైన నాకు భయపడి నోరు మూసుకుంటున్నాడు. పద్నాలుగేళ్ల పిల్లాడికి 'ఇది నాకు నచ్చలేదు' అని చెప్పుకోవడానికి ఒక్క చోటూ లేకుండా పోయింది.

ఆ రాత్రి నుంచి నేను వాణ్ని గేమ్‌ల గురించి అడగడం మొదలుపెట్టాను. మీరూ అడిగి చూడండి, తెలియని లోకం ఒకటి తెరుచుకుంటుంది. ఉన్న సత్తాకు మించి పేరొచ్చినదాన్ని వాళ్లు 'ఓవర్‌రేటెడ్' అంటారు. ఆడేవాళ్ల మధ్య అంతకంటే వేడిగా సాగే వాదన ఇంకోటి లేదట. ఆ పేరు ఎలా వస్తుందో, ఎలా పోతుందో మా వాడు ఉదాహరణలతో చెప్పాడు.

'అసాసిన్స్ క్రీడ్' అనే సిరీస్ 2007లో మొదలైంది. బాగా ఆడేసరికి దాదాపు ఏటా ఒకటి వదిలారు. 2014లో వచ్చిన 'యూనిటీ'లో లోపాలు ఎంతగా ఉన్నాయంటే, కొన్నిచోట్ల మనుషులకు ముఖాలే లేవు, గాల్లో కళ్లూ పళ్లూ మాత్రమే కనిపించాయి. కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. 2016లో ప్రధాన సిరీస్‌కు విరామం కూడా ఇచ్చింది. హిట్ సినిమాకు మూడు నెలల్లో సీక్వెల్ తీస్తే ఏమవుతుందో మనకు తెలియనిదా!

'సైబర్‌పంక్ 2077' కథ ఇంకోరకం. తీసినవారు పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్. అంతకుముందు 2015లో వాళ్లిచ్చిన 'విచర్ 3'కి గొప్ప పేరొచ్చింది కాబట్టి, 2012లోనే ప్రకటించిన ఈ ఆట కోసం జనం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. తీరా 2020 డిసెంబర్ 10న విడుదలయ్యాక పాత ప్లేస్టేషన్ల మీద సరిగా నడవనే లేదు. పది రోజులు తిరగకముందే సోనీ తన ఆన్‌లైన్ దుకాణం నుంచి దాన్ని తీసేసి, కొన్నవారికి డబ్బు వాపసు ఇస్తామంది. కథ అక్కడితో అయిపోలేదు. కంపెనీ ఏళ్లపాటు మరమ్మతులు చేస్తూ వచ్చింది. 2023లో వచ్చిన పెద్ద అప్‌డేట్ తర్వాత, తిట్టినవాళ్లలోనే చాలామంది మెచ్చుకున్నారు. "అంటే ఓవర్‌రేటెడ్ అన్నది కూడా ఎప్పటికీ నిలిచే మాట కాదు నాన్నా" అన్నాడు మా వాడు. (ఇది యూరప్ రేటింగ్ ప్రకారం 18 ఏళ్లు నిండినవారి ఆట. మా వాడు దాని గురించి వినడమే కానీ ఆడలేదు. పిల్లలు పేరు చెప్పగానే ఆ రేటింగ్ ఒకసారి చూడండి.)

ఇంతలో మా అమ్మాయి గొడవకు దిగింది. దానికి ప్రాణం 'మైన్‌క్రాఫ్ట్'. 2011లో పూర్తిస్థాయిలో విడుదలైన ఈ ఇటుకల ఆటను తయారుచేసిన కంపెనీని 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొన్నది. 2023 నాటికి 30 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. "అదీ ఓవర్‌రేటెడే. గెలవడానికి ఏముంది అందులో?" అన్నాడు అన్న. "గెలవాలని ఎవరన్నారు? ఏం కట్టాలో మనమే అనుకుని కట్టడమే ఆట" అంది చెల్లి. నాకు ఇద్దరిదీ నిజమే అనిపించింది.

ఆ గొడవలోంచే మా ఇంట్లో ఒక నియమం పుట్టింది. దేన్నైనా ఓవర్‌రేటెడ్ అనొచ్చు. గేమ్‌నే కాదు, సినిమానైనా, హోటల్ బిర్యానీనైనా, నాన్న కొన్న సోఫానైనా. కానీ మూడు కారణాలు చెప్పాలి, అందులో ఉన్న ఒక మంచి కూడా చెప్పాలి. ఊరికే 'చెత్త' అంటే చెల్లదు. అందరూ మెచ్చినదాన్ని తీసిపారేయడం కూడా ఒక ఫ్యాషనే కదా!

నియమం ముందుగా నా మీదే పడింది. తెనాలిలో మా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో వీడియో గేమ్ గంటకు ఇంత అని అద్దెకు ఆడేవాళ్లం. అందులో 'కాంట్రా' అంటే నాకు దైవంతో సమానం. పైకి రెండు, కిందికి రెండు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ, స్టార్ట్. అలా నొక్కితే 3 ప్రాణాల బదులు 30 వస్తాయి. నా వేళ్లకు ఇప్పటికీ గుర్తుంది. దాన్ని మా వాడికి చూపించాను. ఇరవై నిమిషాలాడి మూడు కారణాలు చెప్పాడు: గెంతడం, కాల్చడం తప్ప ఏమీ లేదు. తూటా ఒక్కటి తగిలినా చచ్చిపోతాం. కథ లేదు. మరి మంచి? "ఇద్దరం కలిసి ఆడొచ్చు" అన్నాడు. మొదట ఉక్రోషం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, నాకు గుర్తున్నదీ ఆ ఆట కాదు, పక్కన కూర్చుని నా ప్రాణాలు అరువు తీసుకున్న స్నేహితుడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నచ్చలేదన్న మాట నేను కూడా సమయానికి చెప్పలేకపోయాను. 2000 ప్రాంతంలో మా ఊళ్లో డిగ్రీ అయిన కుర్రాళ్లు వరసగా హైదరాబాద్ బస్సెక్కి అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల్లో చేరేవారు. నేనూ చేరాను. రెండో వారానికే అది నా పని కాదని అర్థమైంది. కానీ అందరూ బాగుందంటున్నారు. నాన్న ఎరువుల కొట్టు మీద అప్పు తెచ్చి ఫీజు కట్టారు. ప్రతి ఆదివారం ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి "బాగుంది నాన్నా" అనేవాణ్ని. అలా ఏడాదిన్నర గడిచింది. తర్వాత అకౌంట్స్ వైపు వచ్చి కుదురుకున్నాను. ఆరోజు నిజం చెప్పి ఉంటే నాన్న ఏమనేవారో నాకు తెలియదు. అడుగుదామంటే ఆయన ఇప్పుడు లేరు.

మా వాడు స్నేహితుల దగ్గర నిజం చెప్పాడా అంటే, చెప్పాడు. ఇద్దరు నవ్వారట. మూడోవాడు లిఫ్ట్‌లో కలిసినప్పుడు, తానూ సగంలో ఆపేశానని మెల్లగా చెప్పాడట.

పోయిన వారం అన్నం తింటూ వాడే మాటెత్తాడు. "నాన్నా, సాయంత్రం ఫౌండేషన్ క్లాసులో ఫిజిక్స్ వేగంగా వెళ్లిపోతోంది. అందరూ అర్థమైనట్టు తలూపుతున్నారు. నేనూ ఊపుతున్నాను." నా నోటి దాకా ఫీజు మాట వచ్చింది. మంచినీళ్లతో మింగేశాను. మూడు కారణాలు అడగలేదు. ఎక్కడి నుంచి అర్థం కావడం లేదని మాత్రం అడిగాను. మర్నాడు వెళ్లి సార్‌తో మాట్లాడాం. ఆయన విసుక్కోకుండా రెండు పాఠాలు వెనక్కి వెళ్లి చెబుతున్నారు. ఇప్పుడు ఆ రెండు పాఠాలకు ఇంకో ఆరుగురు కూర్చుంటున్నారట.

ఈ ఆదివారం మీ పిల్లలను ఒక ప్రశ్న అడిగి చూడండి. 'అందరూ గొప్పగా ఉందంటున్నా నీకు నచ్చనిది ఏదైనా ఉందా?' గేమ్‌తో మొదలుపెడితే తేలిక, అక్కడ వాళ్లే గురువులు. జవాబు చెబుతున్నంతసేపూ డబ్బుల మాట ఎత్తకండి. నాకు అది నేర్చుకోవడానికి ఒక గేమ్ ఖరీదు పట్టింది.