రెండే గెలుపులు

నవంబరు 14 వస్తే నాకు హంటింగ్టన్ గుర్తొస్తుంది. అమెరికాలో, వెస్ట్ వర్జీనియాలో, ఒహాయో నది ఒడ్డున ఉన్న ఊరు. 1970లో ఆ రాత్రి మార్షల్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు నార్త్ కరోలినాలో 17-14తో ఓడి తిరిగొస్తుంటే, ఊరు చేరబోతూ విమానం కొండను ఢీకొట్టింది. 75 మందీ పోయారు. వాళ్లలో 37 మంది ఆటగాళ్లు. ఆరుగురిని ఎవరెవరో గుర్తుపట్టలేక స్ప్రింగ్ హిల్ శ్మశానంలో ఒక్కచోటే ఖననం చేశారు.

జట్టునే ఎత్తేద్దామన్న మాటా వచ్చింది. ఎత్తేయలేదు. మొదటి ఏడాది విద్యార్థులను పెద్ద జట్టులో ఆడనివ్వని రోజులవి. మార్షల్‌కు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. కొత్త కోచ్ జాక్ లెంగ్యెల్ ఆ పిల్లలనూ కలుపుకుని మైదానంలోకి దిగాడు.

నన్ను వదలనిది ఆటగాడు నేట్ రఫిన్ కథ. గాయం వల్ల ఆ ప్రయాణానికి వెళ్లలేదు, బతికాడు. మరుసటి ఏడాది ఆ జట్టుకే కెప్టెన్. పోయిన స్నేహితులు వేసుకున్న రంగు చొక్కానే మళ్లీ తొడుక్కోవడానికి ఎంత గుండె కావాలి!

1971 సెప్టెంబరు 25న, సొంతూళ్లో, జేవియర్ యూనివర్సిటీ మీద ఆట. గడియారంలో సమయం అయిపోతోంది. చివరి ప్రయత్నంలో రెగీ ఆలివర్ విసిరిన పాస్ అందుకుని టెర్రీ గార్డ్‌నర్ గీత దాటాడు. 15-13. జనం ఎంతసేపటికీ మైదానం వదలలేదట.

ఆ సీజన్‌లో గెలిచినవి రెండు, ఓడినవి ఎనిమిది. నాకు తెలిసిన సీజన్లలో ఇంతకంటే గొప్పది లేదు.

యూనివర్సిటీ ఆవరణలో ఆ 75 మంది జ్ఞాపకార్థం ఒక ఫౌంటెన్ ఉంది. ఏటా నవంబరు 14న నీళ్లు ఆపేస్తారు. మళ్లీ వసంతంలోనే వదులుతారు.